ఆరో ఫొటోలో చెయ్యి

సరిగ్గా నాలుగు గంటలకి మూడో అంతస్తులో తలుపు మూసుకుంది. మూసినవాడు పండు. ముప్పై ఆరేళ్ళ మనిషిని పండు అని పిలవడమేమిటని మీరు అడగవచ్చు. వాళ్ళక్కని అడిగి చూడండి, బదులు చెప్పకుండా మిమ్మల్నే పైనుంచి కిందిదాకా ఒక చూపు చూస్తుంది. వాడు పుట్టేనాటికి ఆమెకి ఎనిమిదేళ్ళు. ఆనాడు ఎత్తుకున్నది ఇంతవరకూ దించలేదు. ఆమె లెక్కలో వాడికింకా పాలపళ్ళు ఊడే వయసు రాలేదు.

తలుపు మూసుకోగానే బయట నిలబడ్డ అక్క గడియారం చూసుకుంది. ఐదింటిదాకా ఆ తలుపు తియ్యడానికి లేదు. తోసుకుని వెళ్ళడానికి అసలే లేదు.

సంగతేమిటంటే, పండుకి బుద్ధి నిదానం. ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పుట్టుకనుంచే సత్తువ లేనివి. వాడితోపాటు ఆ ఇంట్లో ఉండబోయే అతన్ని అందరూ లాయరు అంటారు. అతను లా చదివిందేమీ లేదు. ఎదుటివాడు ఇవాళ ఎండగా ఉందన్నా వాదించకుండా ఒప్పుకోడు గనక ఆ పేరు పడింది. బుర్ర చురుకు, ఒళ్ళే మాట వినదు. చేతులు వాటి ఇష్టానికి అవి ఎగురుతుంటాయి, మాట ముద్దముద్దగా వస్తుంది, చక్రాల కుర్చీ లేనిదే కదలలేడు. ఇలాంటివాళ్ళు సొంతంగా బతకడానికి సాయంచేసే సెంటరువాళ్ళు, ఒకరి చెయ్యినీ ఇంకొకరి బుర్రనీ కలిపి ఒక ఇల్లు నడిపించాలనుకున్నారు. ఆరు వారాలు నేర్పారు. ఇవాళ ఆఖరి పరీక్ష. గంటసేపు ఆ ఇంట్లో వాళ్ళిద్దరే ఉండాలి. పాలు కాచుకుని తాగాలి, గిన్నె కడగాలి, ఐదింటికి తలుపు తియ్యాలి. ఈలోగా బయటివాళ్ళెవరు లోపల అడుగుపెట్టినా పరీక్ష పోయినట్టే. ఆ ఇల్లు జాబితాలో తర్వాతి ఇద్దరికి వెళ్ళిపోతుంది. అప్పుడు పండు అక్క కుట్టుగదిలో గుడ్డల మూటల వెనక పడుకునే మంచానికి తిరిగొస్తాడు. లాయరు ఇరవై మంచాలు వరసగా వేసిన హాలుకి తిరిగిపోతాడు. అక్కడ దీపం ఎప్పుడు ఆర్పాలో కూడా అతన్ని అడిగేవాళ్ళు లేరు.

ఇంత భయపడే మనిషి అసలెందుకు ఒప్పుకుందంటారా? పోయినేడాది ఒక ఉదయం ఆమె కుట్టుమిషను పక్కనే కళ్ళు తిరిగి పడిపోయింది. సాయంత్రం బట్టలకోసం ఎవరో వచ్చేదాకా పండు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చునే ఉన్నాడు. ఎవర్నీ పిలవలేదు, నీళ్ళు తాగలేదు, లేవలేదు. అక్క ఏం చెయ్యమంటుందో చెప్తుందని ఎదురుచూశాడు. ఆస్పత్రి మంచం మీద ఆమెకి ఆ మాట తెలిసినప్పుడు పుట్టిన భయం ముందు అంతకుముందు భయాలన్నీ దిగదుడుపే. మర్నాడే సెంటరుకి ఫోను చేసింది.

ఒప్పుకోవడం వేరు, ఊరుకోవడం వేరు. ఇప్పుడు కింద లిఫ్టు పక్కనున్న బల్ల మీద కూర్చుని, చేతిసంచి పట్టీని ముడివేస్తూ విప్పుతూ ఉంది. పక్కనే సెంటరు మేడం. పొట్టి మనిషి, నెమ్మది మనిషి. ఆమె పెట్టిన మొదటి నియమం, ఎవరికైనా సాయం చెయ్యబోయే ముందు మనసులో ఇరవై లెక్కపెట్టాలని. ఆ ఇరవైలోపు వాళ్ళంతట వాళ్ళే చేసుకుంటారట. అక్క ఈ ఆరు వారాల్లో ఒక్కసారి కూడా ఏడు దాటలేదు.

మేడం ఒళ్ళో చిన్న డబ్బా ఉంది. కుర్చీకి బిగించిన మీటని లాయరు గడ్డంతో నొక్కితే ఇక్కడ ఆ డబ్బా మోగుతుంది. అది మోగితే పరుగెత్తాల్సిందే, పరీక్షా గిరీక్షా లేదు.

"ఇది పనిచేస్తోందా?" అంది అక్క.

"చేస్తోంది."

"ఒకసారి చూడండి మేడం."

"ఇప్పటికి మూడుసార్లు చూశాను టైలరక్కా. మీరు కాస్త ఊపిరి తీసుకోండి."

తీసుకుంది. అది లోపలికి వెళ్ళిందో లేదో ఆమెకే తెలియలేదు. నాలుగూ పదయింది. ఇప్పటికి పాలు గిన్నెలో పోసి ఉంటాడు. స్టవ్ వెనక గోడమీద ఏడు ఫొటోలు వరసగా అంటించి ఉన్నాయి. పండుకి చదవడం రాదు గనక ప్రతి పనికీ అలాంటి వరస ఒకటి ఉంది. గిన్నె పెట్టడం ఒకటో ఫొటో, లైటరు పట్టుకోవడం రెండోది, మీట తిప్పి మంట వెలిగించడం మూడోది. అక్కడే నిలబడి చూడటం, పాలు పొంగు రావడం, మీట తిప్పి మంట ఆపడం, చల్లారేదాకా నూరు లెక్కపెట్టి గొట్టమున్న గ్లాసులో పొయ్యడం. ఫొటోలో ఏముంటే వాడు అదే చేస్తాడు. ఒకసారి ఫొటోలో నీలం గ్లాసు ఉండి, ఆ నీలం గ్లాసు తడిగా ఉంటే, అది ఆరేదాకా దాని ముందే నిలబడ్డాడు. పక్కన నాలుగు పొడి గ్లాసులు ఉన్నాయి.

ఆమె మనసు మళ్ళించడానికి కాబోలు, మేడం కబుర్లలోకి దిగింది.

"మీకు నవ్వొచ్చే సంగతి చెప్పనా? రెండేళ్ళ కిందట ఇంకో ఇంట్లో ఒకాయనకి బట్టలుతికే మిషను నేర్పాం. వాళ్ళమ్మగారు పక్కనుండి, బటన్ నొక్కే ఫొటోలో తన వేలు పెట్టారు. మేము పట్టించుకోలేదు. ఆ తర్వాత ఒకరోజు ఆయన ఒక్కడే ఉన్నప్పుడు మిషనులో బట్టలు వేసి, రెండు గంటలు అలాగే నిలబడ్డాడు. ఏమయ్యా అంటే, 'ఇది అమ్మ వేలు, అమ్మ రావాలిగా' అన్నాడు. ఆ రోజునుంచి పెట్టుకున్నాం నియమం. ఎవరు పని చేస్తారో వాళ్ళ చెయ్యే ఫొటోలో ఉండాలి. అందుకే మీ పండు చేతినే అన్నిసార్లు తీయించాను."

అక్కకి నవ్వు రాలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి.

ఎందుకంటే ఆరో ఫొటోలో ఉన్న చెయ్యి పండుది కాదు. అది ఆమెది.

పండు కుడి అరచేతిలో పెద్ద మచ్చ ఉంది. వాడికి పన్నెండేళ్ళప్పుడు, ఎవరో తలుపు కొడితే అక్క ఇస్త్రీపెట్టె అలాగే వదిలి వెళ్ళింది. ఒక్క నిమిషం. వాడు అక్కలాగే చేద్దామనుకుని చెయ్యి దానికింద పెట్టాడు. మూడు వేళ్ళు అప్పట్నుంచి కొంచెం వంకర. ఆరో ఫొటోలో ఆ వంకర వేళ్ళు మీటని పూర్తిగా కప్పేశాయి. ఎటు తిప్పుతున్నాడో తెలియడంలేదని ఆమె మొదటిరోజే గొడవపెట్టింది. మేడం వినలేదు. వాడికి తెలుసు, మీకు తెలియకపోతే ఫర్వాలేదు, అంది. దాంతో ఇవాళ మధ్యాహ్నం వాడి బట్టలిచ్చే వంకతో పైకి వెళ్ళి, అందరూ ముందుగదిలో ఉండగా, తన చేతిని శుభ్రంగా తీయించుకున్న ఫొటో ఒకటి దానిమీద అంటించి వచ్చింది. ఎర్రరాయి ఉంగరంతో సహా. ఎంత స్పష్టంగా ఉందో అని మురిసిపోయింది కూడా. మంచి చేస్తున్నాననుకుని మనిషి చేసే పనులకి అంతూ పొంతూ ఉండదు.

ఇప్పుడు ఏం చెప్పాలి? చెబితే పరీక్ష పోతుంది. తను చేసిన దొంగపని బయటపడుతుంది. చెప్పకపోతే పండు మంట వెలిగిస్తాడు. పాలు పొంగుతాయి. వాడు ఆరో ఫొటో చూస్తాడు. ఎర్రరాయి ఉంగరం చూస్తాడు. నిలబడతాడు. కళ్ళు తిరిగి పడిపోయిన అక్క చెయ్యి పట్టుకుని పొద్దంతా కూర్చున్నవాడు, మండుతున్న స్టవ్ ముందు ఎంతసేపైనా నిలబడతాడు. పొంగిన పాలు మంటని ఆర్పేస్తే గ్యాసు వస్తూనే ఉంటుంది. పక్కనే కుర్చీలో, లేవలేని మనిషి.

"మేడం," అంది. సంచి పట్టీ వదిలేసింది. "మేడం, ఆరోది నా చెయ్యి."

"ఏమిటి?"

"ఫొటో. మధ్యాహ్నం మార్చాను. నా చెయ్యి అంటించాను. కనబడటంలేదని... నన్ను తర్వాత తిడుదురుగాని, ముందు పదండి."

మేడం తిట్టలేదు. ఆమె మొహంలో నెమ్మది ఎటు పోయిందో పోయింది. డబ్బా చేతపట్టుకుని లేచింది. లిఫ్టు ఎక్కడో పైన ఆగి ఉంది. ఇద్దరూ మెట్లెక్కారు. మొదటి అంతస్తు దాటేసరికి అక్క మేడంని దాటిపోయింది. రెండో అంతస్తులో చెప్పు జారిపోతే వదిలేసి ఎక్కింది.

మూడో అంతస్తులో ఆ తలుపు మూసే ఉంది. వంటగది ఆ తలుపుని ఆనుకునే ఉంది. పైన గాలికోసం పెట్టిన కంతల్లోంచి పాలు మాడిన వాసన వస్తోంది. సుయ్‌మని చప్పుడు కూడా. అక్క చేతిసంచిలోకి చెయ్యి పెట్టి తాళంచెవి తీసింది.

మేడం ఆ తాళంచెవి వైపు చూసింది. "ఇదొకటా?"

"ముందే చేయించి పెట్టుకున్నాను," అంది అక్క, కళ్ళలోకి చూడకుండా. తాళంచెవిని తాళంలో పెట్టబోయింది.

మేడం ఆమె మణికట్టు పట్టుకుంది. "ఒక్క క్షణం. వినండి."

లోపల్నుంచి ముందు లాయరు గొంతు వచ్చింది. అక్కకి అతని మాట ఎప్పుడూ అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే అర్థం చేసుకోవాలని ప్రయత్నించలేదు కూడా. అతను మాట్లాడినప్పుడల్లా పండు వైపు చూసి, ఏమంటున్నాడురా అనేది. ఇప్పుడు తలుపు వెనకనుంచి ఆ గొంతు ఎవరో పీక పట్టుకుని నులుముతున్నట్టు వినిపించింది.

"చచ్చిపోతున్నాడు మేడం!"

"చావడంలేదు. మాట్లాడుతున్నాడు. పొంగింది, ఆపు, అంటున్నాడు."

అప్పుడు పండు గొంతు వినిపించింది. మామూలుగా, ఏ తొందరా లేకుండా. ఆ మామూలుతనమే అక్కని ఎక్కువ భయపెట్టింది.

"ఇది అక్క చెయ్యి. అక్క వచ్చి ఆపుతుంది."

"పండూ!" అని అరవబోయింది. మేడం ఆమె నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"అరవకండి. మీ గొంతు వింటే ఇక పండుకి లాయరు మాట చెవికెక్కదు. మంట అలాగే వదిలేసి తలుపు దగ్గరికొచ్చి, మీకోసం గొళ్ళెంతో కుస్తీ పడతాడు. ఆ గొళ్ళెం తియ్యడానికి ఆయనకి నాలుగు నిమిషాలు పడుతుంది. లోపల గొళ్ళెం వేసి ఉంటే మీ తాళంచెవి గాని, నా తాళంచెవి గాని ఎందుకూ పనికిరావు."

ఆ మాట అక్క ఆలోచించనేలేదు. తాళంచెవి చేయించుకున్నప్పుడు ఎంత తెలివిగా చేశాననుకుందో! తలుపు పక్కనే నేలమీద కూర్చుంది.

"మరి?"

"ఇరవై లెక్కపెడతాను. అప్పటికీ ఆపకపోతే తలుపు పగలగొట్టిస్తాను. ఇల్లు పోతే పోనీ." మేడం గొంతు కూడా సన్నగా వణికింది. అది విన్నాక అక్కకి ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. నెమ్మది మనిషి భయపడితే ఇక పట్టుకోవడానికేమీ ఉండదు.

ఒకటి. రెండు. అక్క కూడా లెక్కపెట్టింది, కుట్లు లెక్కపెట్టినట్టు నిదానంగా, పెదవులు కదుపుతూ.

లోపల లాయరు మళ్ళీ ఏదో అన్నాడు. మేడం తలుపుకి చెవి ఆనించి గుసగుసగా చెప్పసాగింది. "'మీ అక్క ఎక్కడుంది?' అంటున్నాడు."

"కింద," అన్నాడు పండు.

"'కిందనుంచి ఇక్కడికి చెయ్యి అందుతుందా?'"

పండు ఆలోచిస్తున్నట్టున్నాడు. ఐదు. ఆరు. వాడు ఆలోచించేటప్పుడు తొందరపెట్టకూడదని అక్కకి తెలుసు. తొందరపెడితే మళ్ళీ మొదటికొస్తాడు. ఆ సంగతి లాయరుకి కూడా తెలిసినట్టే ఉంది. ఒక్క మాట కూడా అనలేదు. అటుపక్క పాలు మాడుతున్నా, తను కుర్చీలోంచి కదల్లేకపోయినా, నోరు మూసుకుని ఆగాడు. అంత ఆగడం తనకి ఏనాడూ చేతకాలేదని అక్కకి ఆ తలుపు దగ్గరే తెలిసింది.

"అందదు," అన్నాడు పండు.

ఎనిమిది. అక్క మొదటిసారి ఏడు దాటింది.

"'మరి గోడమీదున్నదేమిటి?' అంటున్నాడు."

"చెయ్యి. అక్కది." ఆ తర్వాత, "నువ్వు బెల్లు నొక్కు. అక్క వస్తుంది."

మేడం డబ్బా వైపు చూసింది. అక్క కూడా చూసింది. నొక్కు బాబూ, నొక్కు, నీకు పుణ్యముంటుంది, అని లోలోపల మొక్కుకుంది. తొమ్మిది. పది. డబ్బా మోగలేదు.

లాయరు ఈసారి కొంచెం ఎక్కువసేపు మాట్లాడాడు. మేడం చెవిని తలుపుకి ఇంకా గట్టిగా ఆనించింది.

"ఏమంటున్నాడు? ఏమంటున్నాడు మేడం?"

"'నొక్కుతాను. కానీ నొక్కితే మనం ఇక్కడ ఉండం. నాకూ భయంగానే ఉంది పండూ, నీకున్నంత ఉంది. అది కాగితం. కాగితం చెయ్యి మీట తిప్పలేదు. నా చెయ్యీ తిప్పలేదు. ఈ గదిలో తిప్పగలిగే చేతులు ఎన్నున్నాయో లెక్కపెట్టు. చెప్పాక ఆపకపోతే నొక్కుతాను' అంటున్నాడు."

పన్నెండు. పదమూడు. సుయ్‌మన్న చప్పుడు పెద్దదయింది. వాసన గొంతులో గీరుకుంటోంది. అక్క కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుంటే ఇస్త్రీపెట్టె కనిపించింది, దానికింద చిన్న చెయ్యి కనిపించింది. కళ్ళు తెరిచింది. పదిహేను. ఆమె పిడికిలి తలుపు మీదికి లేచింది. ఇక చాలు, ఇల్లూ వద్దు ఏమీ వద్దు, వాణ్ణి తీసుకుపోతాను, బతికున్నన్నాళ్ళు నేనే చూసుకుంటాను. ఆ తర్వాత? ఆ తర్వాత వాడు తన చెయ్యి పట్టుకుని కూర్చుంటాడు. ఎవరో బట్టలకోసం వచ్చేదాకా.

పిడికిలి అలాగే గాల్లో ఉంది. పదహారు.

"ఒకటి," అన్నాడు పండు లోపల.

పదిహేడు.

టక్ మని మీట చప్పుడైంది. సుయ్‌మన్న మోత సన్నబడి, సన్నబడి ఆగిపోయింది.

"అమ్మా!" అని పండు గట్టిగా అరిచాడు. వెంటనే లాయరు గొంతు. తర్వాత ధారగా నీళ్ళ చప్పుడు, చాలాసేపు.

"వేలు కాలింది," అంది మేడం గుసగుసగా. "ఆవిరి తగిలింది. కుళాయి కింద పెట్టమన్నాడు, పెట్టాడు. కిటికీ కూడా తెరవమంటున్నాడు."

నీళ్ళ చప్పుడు ఆగింది. కిటికీ రెక్క కిర్రుమంది. ఆ తర్వాత పండు నూరు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఏడో ఫొటో. యాభై తొమ్మిది తర్వాత వాడు ఎప్పటిలాగే డెబ్బైకి దూకాడు. ఎప్పటిలాగే అక్క అరవై అని దిద్దబోయి, పళ్ళు బిగించి ఊరుకుంది. ఆవిడ జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చేసి ఉండదు.

ఇద్దరూ మెట్లు దిగారు. రెండో అంతస్తులో పడిపోయిన చెప్పు తొడుక్కోవడానికి అక్క వంగి, అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది. మేడం పక్కన కూర్చుంది. ఓదార్చలేదు. కాసేపటికి చెయ్యి చాపింది. అక్క తాళంచెవి ఆ చేతిలో పెట్టింది.

"నేను వాళ్ళని పాడుచేశాను కదా?" అంది.

"చేశారు. మీరు చేసింది నేను రాసుకోవాలి కూడా. కానీ ఇల్లు పోదు. లోపలికి ఎవరూ వెళ్ళలేదుగా." అలా అని, తాళంచెవిని డబ్బాతోపాటు ఒళ్ళో పెట్టుకుంది. "ఈ ఆరు వారాల్లో నేను నేర్పనిది ఆ లాయరు ఇవాళ నేర్పాడు. నేను ఇరవైకి ఆగేదాన్నో లేదో నాకూ తెలియదు."

ఐదింటికి ఇద్దరూ మళ్ళీ పైకి వెళ్ళారు. తలుపు దానంతటది తెరుచుకోలేదు. మేడం కొట్టింది. లోపల గొళ్ళెంతో కుస్తీ మొదలైంది. నిజంగానే నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ అక్క చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

పండు బొటనవేలికి తడిగుడ్డ చుట్టుకుని కనిపించాడు. చొక్కా మీద పాల మరకలు. స్టవ్ అంతా నల్లగా మాడిపోయి ఉంది. వెనక లాయరు కుర్చీలో వాలిపోయి ఉన్నాడు, మొహం పాలిపోయింది, ఒళ్ళంతా చెమట. గ్లాసులోని గొట్టం మాత్రం నోట్లోనే ఉంది. అక్కని చూసి ఏదో అన్నాడు. అక్క పండు వైపు తిరగబోయింది. తిరగలేదు. లాయరు దగ్గరికి వెళ్ళి వంగింది.

"మళ్ళీ చెప్పు నాయనా. నిదానంగా చెప్పు."

అతను మళ్ళీ చెప్పాడు. మూడోసారికి ఆమెకి అర్థమైంది. పాలు మాడువాసన వేస్తున్నాయి, అంటున్నాడు.

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పండు వేలు పట్టుకుని చూద్దామని చెయ్యి చాపింది. వాడు ఆ చేతిలో వేలు పెట్టలేదు. చొక్కా జేబులోంచి అంచులు చిరిగి, పాలతో తడిసిన కాగితం ఒకటి తీసి పెట్టాడు. ఎర్రరాయి ఉంగరం, శుభ్రమైన వేళ్ళు, మీట స్పష్టంగా కనిపిస్తోంది.

"అక్కా, నీ చెయ్యి ఇక్కడ మర్చిపోయావు," అన్నాడు.

ఆమె గోడవైపు చూసింది. ఆరో చోట వాడి వంకర వేళ్ళ ఫొటో, దానిమీద కొత్త జిగురు మరకలు. ఏమీ కనిపించని ఫొటో.

"భయమేసిందా?" అంది.

"వేసింది. లాయరుకీ వేసింది." వాడు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "మేము స్టవ్ తుడవాలి. నువ్వు ఇంటికెళ్ళు."

తలుపు మూసుకుంది. మూడో అంతస్తు నుంచి కిందికి దిగేదాకా ఆ కాగితం ఆమె చేతిలోనే ఉంది.